తన కూలి తాను వ్రాసికొనని వ్యాపారము

ప్రకాశము జిల్లా ఏ మహనీయుని పేరు ధరించినదో ఆ టంగుటూరి ప్రకాశము పంతులుగారి బాల్యవిద్య ఒక ఇంటి వ్యాపారము పెట్టిన అన్నముతో సాగినదన్న సంగతి ఆయన స్వీయచరిత్ర చదివినవారికి తెలిసినదే. 1872లో వినోదరాయునిపాలెమున జన్మించిన ఆయనకు పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గతింపగా, తల్లి సుబ్బమ్మగారు బిడ్డలతో ఒంగోలు చేరి, పూటకూళ్ల యిల్లు పెట్టి, వచ్చిపోవువారికి అన్నము వండిపెట్టి, ఆ వచ్చిన కాసులతో సంసారము నీడ్చినది. అన్నము అమ్ముకొనుటను నాటి సంఘము గౌరవవృత్తిగా నెంచలేదు. పూటకూళ్లమ్మ యనుటలోనే ఒక చిన్నచూపు దాగియుండెడిది. ఆ యింటినుండి వెడలిన బాలుడు 1946లో మద్రాసు రాష్ట్రమునకు ప్రధానియు, 1953 అక్టోబరు 1న అవతరించిన ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియు నైనాడు. కుమారుని న్యాయవాదవృత్తిని గూర్చి, ఆర్జనను గూర్చి, త్యాగమును గూర్చి మనము తరతరములుగా చెప్పుకొనుచున్నాము. తెల్లవారుజామున పొయ్యి రాజేసినది మొదలు రాత్రి అంట్లు కడుగువరకు ఆ తల్లి చేసిన చాకిరికి వెల యెంత యని మాత్రము ఎవరమును అడిగి యెరుగము.

అడుగకుండుట నేటికిని మన అలవాటుగనే యున్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చిన్న పరిశ్రమలకు నూతన విధానమును ప్రకటించి, ఇంటికొక పారిశ్రామికవేత్త యను నినాదమును ఊరూర వినిపించుచున్నది. నినాదము వినసొంపుగనే యున్నది. కాని గుంటూరు, తెనాలి, మంగళగిరి, చిలకలూరిపేట, చీరాల, ఒంగోలు వీధులలో నాలుగడుగులు వేసినవారికి ఆ పారిశ్రామికవేత్త యేనాడో పుట్టి, వంటింటిలో కొంగు బిగించి పని చేయుచున్నదని తెలియును. ఒక యింట గోంగూర పచ్చడి, పక్క యింట కారప్పొడి, ఎదురింట జంతికలు, అరిసెలు, ఆ పై వాటాలో జాకెట్లు కుట్టు మిషను, సందు మలుపులో మంగళగిరి చీరెలను వాట్సాప్‌లో చూపి అమ్ము బేరము. వీరికి కావలసినది ప్రోత్సాహమని సభలలో అందరును సెలవిత్తురు. నా అభిప్రాయము వేరు. ప్రోత్సాహమునకు కొదువ లేదు. ఈ వ్యాపారమున ఉప్పునకు వెల కలదు, నూనెకు వెల కలదు, డబ్బా మూతకు వెల కలదు, నడపునట్టి మనిషి శ్రమకు మాత్రము వెల లేదు. ఈ లోపము ఆమె చిట్టాలో మొదలై, బ్యాంకు వాయిదాల పట్టికలో పెరిగి, పన్ను చట్టము వరకు ప్రాకినది.

ఒక లెక్క వేసి చూతము. అంకెలు ఊహించినవే యైనను ఇట్టి యిండ్లలో జరుగు తీరు ఇదియే. ఇద్దరు తోడికోడండ్రు కలిసి నలుబది కిలోల గోంగూర పచ్చడి పట్టిరనుకొందము. ఆకు, పండుమిరపకాయలు, ఉప్పు, వెల్లుల్లి, నూనె, డబ్బాలు సమస్తమును కలిపి కిలోకు 250 రూపాయలు పడినదనియు, 350కి అమ్ముడుపోయినదనియు అనుకొందము. కిలోకు నూరు చొప్పున నాలుగు వేలు మిగిలినదని యిల్లంతయు సంతోషించును. అయితే గోంగూర తనంతట తాను పచ్చడి కాలేదు. కట్టలు విప్పి ఆకు వొలుచుట, మూడు నీళ్ల కడుగుట, ఇసుక లేదని నమ్మకము కుదురువరకు మరల కడుగుట, పాత చీరె పరచి నీడన ఆరబెట్టుట, నూనెలో మగ్గించుట, పండుమిరపకాయలకు తొడిమలు తీసి ఉప్పు చేర్చి నూరుట, తిరుగగలిపి పోపు పెట్టుట, డబ్బాలు తుడిచి తూచి మూతలు బిగించుట, చీట్లంటించుట, కొరియర్ దుకాణము వరకు మోసికొనిపోవుట, ఇదంతయు ఇద్దరికిని చెరి యేడు దినములు పట్టినచో మొత్తము పదునాలుగు పనిదినములు. నాలుగు వేలను పదునాలుగుచే భాగించిన దినమునకు 285 రూపాయలు. 2025–26లో గ్రామీణ ఉపాధి హామీ పథకము క్రింద మన రాష్ట్రమునకు నిర్ణయింపబడిన దినకూలి 307 రూపాయలు. అనగా గ్యాసు బండ, మిక్సీకి కాలిన కరెంటు, దారిలో పగిలిన డబ్బా ఇంకను లెక్కకు రాకమునుపే, చెరువులో మట్టి మోసినదానికంటె తక్కువ కూలికి ఆ యిద్దరును తమ యింటనే తాము పాలేరులైరి.

అట్లని ఆ వ్యాపారమును మానుకొనుడని నేను చెప్పుట లేదు. అమ్మకపు ధర 350 చాలదని ఆ లెక్కయే చెప్పుచున్నది. 400కు అమ్మినచో దినకూలి నాలుగు వందలు దాటును. ఆ ధరకు కొనువారు లేనిచో ఆకు వొలుచు పనినో, కడుగు పనినో తగ్గించు ఉపాయము వెదుకవలెను. ఆ ఉపాయమును లేనిచో గోంగూర విడిచి మరియొక సరకు పట్టవలెను. ఇవన్నియు యజమానురాలు చేయదగిన ఆలోచనలు. కూలి పద్దు వ్రాయనివారికి ఈ ఆలోచనలు తట్టవు. వారికి కనబడునది నాలుగు వేల మిగులు మాత్రమే, దానిని చూచి వచ్చే నెల ఎనుబది కిలోలు పట్టుదురు, అప్పుడు నడుము నొప్పియు రెట్టింపగును.

ఇందుకొక ఆక్షేపణ కలదు, అది బలమైనదే. అద్దె, జీతములు లేకుండుటయే కదా ఇంటి వ్యాపారమునకు ప్రాణము, ఆ రెండును వ్రాసికొన్నచో అంగడి వ్యాపారమునకు దీనికిని భేదమేమి, ఊరక కూర్చుండుటకంటె వచ్చినది చాలును గదా యని పెద్దలు అందురు. బేరము లేని నెలలో తన కూలిని తాను వదలుకొని నిలువగలుగుట నిజముగా ఇంటి వ్యాపారమునకు గల గొప్ప సదుపాయము. పెద్ద దుకాణమునకు ఆ వీలు లేదు. కాని పద్దు వ్రాసి, ఈ నెల వదలుకొంటినని తెలిసి వదలుకొనుట వేరు. అట్టి పద్దొకటి ఉండవలెనని తెలియక ఏండ్ల తరబడి పోగొట్టుకొనుట వేరు. మరి ఊరక కూర్చుండుట యను మాట యున్నదే, అది ఏ యింటి స్త్రీని గూర్చి యన్నదో నాకు నేటికిని బోధపడలేదు.

1959 మార్చి 15న బొంబాయి గిర్గాములో ఏడుగురు గుజరాతీ గృహిణులు 80 రూపాయల అప్పుతో మేడపై అప్పడము లొత్త నారంభించిరి. అది నేడు దేశమంతట ఎరిగిన లిజ్జత్ సంస్థ. దాని కథ చెప్పువారు సాధారణముగా ఎనుబది రూపాయలు కోట్లయిన వైనమునే చెప్పుదురు. నాకు ముఖ్యముగా తోచునది దాని కూలి పద్ధతి. పిండి ఒకచోట కలుపుదురు, సభ్యురాండ్రు ఇంటికి కొనిపోయి ఒత్తి ఆరబెట్టి తెచ్చెదరు, తూచి తీసికొని కిలోకింత యని ఒత్తుకూలి చెల్లింతురు, మిగిలిన లాభము పిమ్మట సభ్యురాండ్రందరకు చెందును. కూలి ముందు, లాభము తరువాత. ఇంటిలో చేసినను అది పనియే యను నిశ్చయము ఆ సంస్థ పునాదిలో నున్నది. మన పొదుపు సంఘములు అప్పులు పంచుటలో దేశమునకు దారి చూపినవి గాని, ఈ కూలి మర్యాదను మాత్రము నేర్చికొనలేదు.

మనకు అంతకంటె దగ్గరి ఉదాహరణము మంగళగిరి. ఇంటినడుమ గుంట త్రవ్వి మగ్గము దించిన ఆ యిండ్లు, పని యెక్కడ ముగియునో సంసార మెక్కడ మొదలగునో చెప్పరానివి. నిజాం అంచు చీరె నేసినవానికి మాస్టర్ వీవరు చీరెకింత యని మజూరీ ఇచ్చును. ఆ చీరెకు కండెలు చుట్టినది, తెగిన పోగు లతికినది, పడుగు సరిచేయుటలో ఒక కొస పట్టినది ఆ యింటి యిల్లాలు, ఆమె అత్త, బడినుండి వచ్చిన కూతురు. మజూరీలో వారి పాలెంతయో తెలుపు పద్దు లేదు. మగ్గము మీది బతుకు గిట్టుబాటు కాదని మనము విచారింతుము. నలుగురు చేసిన పనికి ఒకని కూలి యిచ్చినచో ఏ వృత్తి గిట్టుబాటగును?

చిట్టా మాట వచ్చినది కనుక బంధువుల మాటయు చెప్పక తప్పదు. ఇంటి వ్యాపారమునకు తొలి కొనుగోలుదారులు చుట్టములే, తొలి మొండి బాకీదారులును వారే. పిన్నీ, రెండు కిలోల ఆవకాయ పంపు, డబ్బు తరువాత చూచుకొందము అని ఫోను వచ్చును. ఆ తరువాత యనునది పంచాంగమున కానరాదు. అడుగుట మొగమాటము, అడిగినచో మనలో మనకు లెక్క లేమిటమ్మా యను నిష్ఠూరము. ఆడపడుచు ఇంటికి పంపిన డబ్బా కానుకయో, అమ్మకమో పంపునప్పుడే తేల్చుకొనవలెను. కానుక యైనచో కానుక యని వ్రాసి, దాని ఖరీదు ఇంటి ఖర్చులో చూపవలెను, వ్యాపారమున కాదు. ఇల్లు నడుపు డబ్బును వ్యాపారపు డబ్బును ఒకే తపేలాలో వేసి కలిపినవారు, నష్టము వచ్చినప్పుడు ఏది తమను ముంచినదో కనుగొనలేరు.

ఇక ఋతువు సంగతి. ఈ వ్యాపారమున నా దృష్టికి అన్నిటికంటె కఠినమైన చిక్కు ఇక్కడ నున్నది. సంక్రాంతి దాటగనే గుంటూరు మిర్చి యార్డునకు కొత్త కాయ రాసాగును. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు. ఘాటునకు తేజ, రంగునకు బ్యాడిగి, ఏ కాయ కావలసినను తాలు కలియని సరకు ఎంచుకొని, ఏడాదికి సరిపడ టిక్కీలు ఆ నడిమి నెలలలోనే కొని, ఎండబెట్టి, తొడిమ తీసి, మర పట్టించుకొనవలెను. వెనువెంట మామిడికాయ వచ్చును. ఆవకాయకు, మాగాయకు గడువు కొన్ని వారములే. చింతకాయకు, ఉసిరికాయకు చలికాలము. ఇట్లు ఏటి పెట్టుబడిలో పెద్దపాలు నాలుగైదు నెలలలో జాడీలలోనికి దిగిపోయి, ఆ ధనము పెండ్లిళ్లకు, దసరాకు, మరల సంక్రాంతికి పిడికెడు పిడికెడుగా తిరిగివచ్చును. ధరలో నిలకడయు లేదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర ఎంతగా పడెననగా, కేంద్రప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలని నిర్ణయింపవలసి వచ్చెను. రైతుకు కన్నీరు తెచ్చిన ఆ యేడే, చేతిలో రొక్కము గల పచ్చళ్లమ్మకు ఏటి సరకు కొని దాచుకొన తగిన యేడు. రొక్కము లేనివారు నెలనెల చిల్లరగా కొని ఆ అదను పోగొట్టుకొనిరి.

ఆమెకు అప్పు పుట్టదా యన్నచో, పుట్టును. అప్పు విషయమున తెలుగుదేశపు స్త్రీలు చేసిన ప్రయాణము చిన్నది కాదు. 1982లో గ్రామీణ స్త్రీలను సంఘములుగా కూర్చు డ్వాక్రా పథకము వచ్చినది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రగిలిన సారా వ్యతిరేకోద్యమము 1992 నాటికి రాష్ట్రమంతట ప్రాకగా, సారాకు పోవు రూపాయి పొదుపుగా మారి సంఘములు ఊరూర నిలిచినవి. నేడు సంఘమునకు బ్యాంకు ద్వారము తెరచియే యున్నది. కాని వాయిదా యెట్లున్నది? 2010లో సూక్ష్మఋణ సంస్థల వారపు వసూళ్ల ఒత్తిడికి ప్రాణములు పోయినప్పుడు, ఆ యేటి అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, వారపు వాయిదాలను మాన్పి నెలవాయిదాలు విధించెను. అది మేలైన మార్పు; అక్కడనే ఆగిపోయినది. మిరప పండించు రైతుకు పంట చేతికి వచ్చిన పిమ్మట అప్పు తీర్చుమను బ్యాంకు, ఆ మిరపనే కొని పచ్చడి పెట్టు స్త్రీని మాత్రము మరుసటి నెలనుండియే కట్టుమనుచున్నది. జాడీలోని ఆవకాయ ఇంకను ఊరనేలేదు, వాయిదా వచ్చి కూర్చున్నది. అప్పుడామె మగని కూలి డబ్బు తెచ్చి కట్టును, లేదా ఊరని పచ్చడిని వచ్చిన ధరకు అమ్మును, అదియు కానిచో మరియొకచోట అప్పు చేయును. సంఘములు వాయిదా తప్పవని మనము గర్వముగా చెప్పుకొను ఖ్యాతిలో, ఈ మూడు విధములైన నష్టము ఎంత కలిసియున్నదో ఎవరును విడదీసి చూడలేదు. ఆవకాయకు, కారమునకు, వడియములకు తీసికొను అప్పును పంటఋణముతో సమానముగా చూచి, అసలును దసరానుండి సంక్రాంతి వరకు తీర్చు పద్ధతి పెట్టుట బ్యాంకులకు అసాధ్యమైన కార్యము కాదు.

అమరావతి గ్రామములలో ఈ కూలి లెక్క ప్రశ్న మరింత నిశితముగా నున్నది. రాజధాని కొరకు 29 గ్రామములలో 33 వేల ఎకరములకు పైగా భూమిని సమీకరించినప్పుడు, భూమి గలవానికి ఏటేట కౌలును, తిరిగి యిచ్చు స్థలమును చూపిరి. భూమి లేని కుటుంబమునకు నెలకు 2,500 రూపాయల పింఛను ఏర్పరచిరి. కృష్ణ యొడ్డున అరటితో, కూరగాయలతో, పూలతో సంవత్సరము పొడుగున పని యిచ్చిన జరీబు భూములు పడావు పడగా, ఆ పనికి పోయెడి స్త్రీ దినదినమును తాను లెక్కించుకొను కూలి పోయినది. పొలమున ఆమె కూలి ఎంతయో ఆమెకును తెలియును, రైతుకును తెలియును. ఇంటికి వచ్చి కుట్టుమిషను ముందు కూర్చున్ననాటినుండి ఆ తెలివిడి పోయినది. ఇప్పుడచ్చట కట్టడములు లేచుచున్నవి. 2017లో వచ్చిన రెండు విశ్వవిద్యాలయముల విద్యార్థు లున్నారు, పని మీద వచ్చిన మేస్త్రీలు, ఇంజనీర్లు ఉన్నారు. ఇంటి భోజనమునకు గిరాకి గలదు. నినాదమును కార్యముగా మార్చదలచినవారు ముందు ఈ గ్రామములలో శిక్షణ తరగతి పెట్టి, మొదటి దినమున కేకు చేయుట నేర్పుటకు బదులు చిట్టా వ్రాయుట నేర్పినచో బాగుండును.

నాణ్యమును గూర్చి రెండు మాటలతో సరిపెట్టెదను. 2003లో ఫ్రాన్సులోను, 2005లో ఇంగ్లండులోను సూడాన్ రంగు కలిసిన కారము పట్టుబడి, మన దేశపు మిర్చికి మచ్చ వచ్చినది. పరాయి చేతి కారమును నమ్మనివాడు తెలిసిన యింటి కారమును వెదకికొని వచ్చి నాలుగు రూపాయలు ఎక్కువ యిచ్చును. ఇంటి వ్యాపారమునకు మూలధనము ఆ నమ్మకమే. కనుక ఆహార భద్రతా సంస్థవారి నమోదును భారముగా తలచరాదు. ఏడాదికి పన్నెండు లక్షల లోపు అమ్ముకొను చిన్నవారికి 2011 నాటి నిబంధనలు లైసెన్సు తంటా లేకుండ, ఏటికి నూరు రూపాయల రుసుముతో నమోదు చాలునని చెప్పినవి. ఆ నమోదు సంఖ్యయు, పచ్చడి పట్టిన తేదీయు, తూకమును, చిరునామాయు చీటిపై ముద్రించిన డబ్బా, చేతివ్రాత చీటి డబ్బాకంటె గౌరవముగా అమ్ముడుపోవును.

చట్టములన్నియు ఇంత సౌమ్యముగా నుండినచో ఈ వ్యాసమును ఇక్కడ ముగించెడివాడను. గుంటూరు పచ్చడికి పెద్ద గిరాకి హైదరాబాదులో నున్నది. మన బిడ్డలు, అల్లుండ్రు అక్కడ నున్నారు. 2014 జూన్ 2 వరకు గుంటూరునుండి హైదరాబాదునకు పంపిన డబ్బా ఒకే రాష్ట్రములో తిరిగెడిది. నేడది రాష్ట్రము దాటిన సరకు. మన రాష్ట్రములోనే వస్తువులమ్ముకొనువారు ఏడాదికి నలుబది లక్షల వరకు వస్తు సేవల పన్ను నమోదు లేకుండ నడపుకొనవచ్చును. కాని పన్ను పడు వస్తువును రాష్ట్రము దాటించినచో, 2017 నాటి చట్టము 24వ విభాగము ప్రకారము, అమ్మకము పది వేలైనను నమోదు తప్పనిసరి. నమోదు చేసికొన్న పిమ్మట వేళకు లెక్కలు దాఖలు చేయవలెను. అమ్మకము లేని కాలమునకును ఏమియు లేదని దాఖలు చేయవలెను. ఆలసించినచో అపరాధ రుసుము. ఆ పని చేసిపెట్టు అకౌంటెంటుకు ఇచ్చుకొను డబ్బుతో, పైన చెప్పిన తోడికోడండ్ర కూలి మరికొంత తరుగును. అందువలన చట్టమును తెలిసినవారు హైదరాబాదు బేరమును వదలుకొనుచున్నారు, తెలియనివారు తెలియకనే దానిని అతిక్రమించుచున్నారు.

ఈ నిర్బంధమును సడలించుట కొత్త సంగతియు కాదు. సేవల నమ్ముకొను చిన్నవారికి రాష్ట్రము దాటినను ఇరువది లక్షల వరకు నమోదు అక్కరలేదని 2017 అక్టోబరులోనే మినహాయింపు నిచ్చిరి. కొన్ని హస్తకళా వస్తువులకు అంతకు కొన్ని వారములు ముందే యిచ్చిరి. గుంటూరులో కూర్చుండి హైదరాబాదు వానికి సలహా అమ్ముకొనువానికి దొరకిన వెసులుబాటు, గోంగూర కడిగి నూరి పంపు ఆమెకు దొరకలేదు. స్వయముగా వండి, కుట్టి, నేసి యింటినుండి అమ్ముకొనువారికి సేవలవారితో సమానమైన మినహాయింపు కోరుటలో అన్యాయ మేమియు లేదు. వస్తు సేవల పన్ను మండలిలో మన రాష్ట్ర ఆర్థికమంత్రికి స్థానము కలదు, పొరుగున నున్న తెలంగాణ మంత్రికిని కలదు. ఆ పచ్చడిని పంపువారు ఒకరి ప్రజలు, తినువారు మరియొకరి ప్రజలు. రాబోవు సమావేశమున వారిరువురును కలిసి ఈ ప్రతిపాదన తేవలెను.